కూలాల్సిన గోడ

హలో, సరోజా… ఆ, నేనే. ఇది నాతోటి పనిచేసే సాంసన్ ఫోను. నాది కింద పడి పలిగింది.

…పనైపోయింది. రేపు కోదాడ నుంచి పొద్దుగాల బస్సుకొస్త.

పది దినాల పని నెల ఎందుకైందంటే… గోడ కూలలే. అందుకు.

…నవ్వకు, విను. అణుబాంబు పడితె గాలి ఎట్ల కొడ్తదో, గట్ల కొట్టి సూస్తరు ఈడ. బాంబు గీంబు ఏం లేదు. పేద్ద ఇనుప గొట్టంల గాలి దట్టించి ఒక్కపారి ఇడుస్తరు. ఎదురుంగ నేను కట్టిన ఇటుకల అర్ర ఉంటది, ఒక్క గది.

…పరీక్షకే. మనసోంటోళ్ళ ఇండ్లు ఎంత దెబ్బకు ఆగుతయో రాసుకుంటరు.

ఆ… మొదటిపారి కొట్టిన్రు. గిలాబు పెచ్చు గూడ ఊడలే. సాంసన్ చప్పట్లు కొట్టిండు. నందిని మేడం… ఇంజినీరామె… నా దిక్కు సూసి, "మేస్త్రీ, గోడ లోపల ఇనుప సలాకలు పెట్టిన్రా?" అన్నది.

…పెట్టిన. వద్దనే చెప్పిన్రు. చెయ్యి ఊకోలే. కూలెతందుకు గోడ ఎట్ల కడ్తరు సరోజా?

లే, తిట్టలే. "మీ ఇల్లు ఎట్ల కట్టుకున్నరో గట్లనే కట్టున్రి" అన్నది.

…కట్టిన. గదే ఇటుక, గదే పల్చటి సిమెంటు మాలు. కిటికీ గూడ గాడనే.

నిన్న కొట్టిన్రు.

…రెప్ప కొట్టేంత సేపు గూడ పట్టలే. కిటికీ పక్కన ముందుగాల పగులు వారింది, ఎన్కనే మొత్తం లోపల్కి పడ్డది. మేడం మస్తు ఖుషీ. కంప్యూటర్ల ఏసిన లెక్క సరిపోయిందట. నాకు చెయ్యి గలిపింది.

ఆ… మన ఇల్లే. అచ్చం.

…మన త్రిపురారం మీద ఎవడేస్తడే బాంబు.

…గాలివానకా? ఏం గాదు… గాదనే అనుకుంటున్న.

సరోజా… లోపల మంచమేసి, మనిషంత బొమ్మను పండవెట్టిన్రు. కొట్టినంక ఇటుకలు నేనే తీసిన.

…బొమ్మకేమైందో ఎందుకు నీకు. మన గీత ఏడ పండుతున్నది?

…కిటికీ కిందనా.

మంచం ఇవతలికి జరుపు.

…సాయంత్రం గాదు, ఇప్పుడే. గోడ సంగతి రేపొచ్చి నేను సూసుకుంట.

…బరువైతె గీతను ఒక చెయ్యి పట్టమను. ఎందుకని అడిగితె నాయిన చెప్పిండను.

ఆ, లైన్లనే ఉన్న.

…

…

జరిపిన్రా?… ఇంకొంచెం.

…ఆ. ఇగ పెట్టేస్త.