మా గుర్రం ఒక్కపొద్దు

ఏందే పాపా, కుక్క పొద్దన్నుంచి మూలన పడుకోనే ఉండాదా? డాక్టరు కాడికి తీసుకపోవాల్నా, రేపటిదాకా చూడాల్నా అని నన్నడగతా ఉండావా! ఎండకి పడుకోనుంటాదిలే. ఈ తిరువళ్ళూరు ఎండకి మనుషులే లేవలేకుండా ఉండారు, కుక్క లేస్తాదా? నువ్విట్ట రా, కూర్చో. డాక్టర్ని ఎప్పుడు పిలవాల అనే మాట ఎత్తినావు చూడు, నాకు మా వల్లి గుర్తొచ్చేసింది. అబ్బబ్బ, ఆ కత నీకు చెప్పలా గదా నేను? చెప్పినానా? లేదులే, మీ అమ్మకి చెప్పినా.

వల్లి అంటే మనిషి కాదే, మా గుర్రం. ఎర్రగుర్రం, నుదుట్లో తెల్లచుక్క. మీ తాత తిరుత్తణి రైలు టేషను ముందర జట్కా తోలతా ఉండె గదా, ఆ బండికి కట్టేది. మీ అమ్మకి అప్పుడింకా పాలపండ్లు గూడా ఊడలా. ఆటోలు ఊరికొకటో రెండో ఉండేవి, రైలు దిగినోళ్ళంతా మా జట్కాలే ఎక్కాల. టేషన్నుంచి కొండ కిందికి ఎనిమిదణాలు ఇమ్మంటే నాలుగణాలకి బేరమాడేవాళ్ళు, పిలకాయల్ని ఊరికే ఎక్కించమనేవాళ్ళు! సరే, అది పక్కన పెట్టు. మా ఇంట్లో పొయ్యి మండాలంటే వల్లి నడవాల, అంతే. ఆ మాటకొస్తే మీ తాతకి నాకంటే అదే ముద్దు. నాకు మల్లెపూలు తెచ్చేది మరిచిపోతాడు, దానికి బెల్లం తెచ్చేది మరిచిపోడు.

ఇప్పుడు విను. దానికి సోమరితనం బో ఎక్కువ. కత్తిరి ఎండలొస్తే చాలు, వెనక కాలొకటి మడిచి, కింది పెదవి వేలాడేసి నిలబడే నిద్రపోతాది. ఒక ఏడు ఎండాకాలంలో అట్ట నిలబడి ఉంటే మీ తాత బెదిరిపోయి గొడ్ల డాక్టర్ని పిలుచుకోనొచ్చినాడు. ఆ డాక్టరు మంచోడు, మన మనిషే, తెలుగాయన. సైకిలు దిగి ఇట్ట దగ్గరికి పోయినాడో లేదో, వల్లి కండ్లు తెరిచి ఆయన సంచిలో ఉండే అరటిపండు లాక్కోని తినేసింది! తొక్కతో సహా! జట్కా స్టాండంతా నవ్వినారు. 'ఏమప్పా, నీ గుర్రానికి నిద్రొస్తే డాక్టరా, ఆవలింతొస్తే ఆపరేషనా' అని కనిపించినప్పుడల్లా మీ తాతని ఏడిపించేవాళ్ళు. అప్పుడు పట్టుకున్నాది ఆయనకి రోషం. ఇంక జన్మలో డాక్టర్ని పిలవను అన్నాడు.

ఆ మాట అన్నాడా, వచ్చిందమ్మా ఆడికృత్తిక!

తిరుత్తణి కొండ మీది మురుగయ్యకి ఆడినెలలో చేసే కృత్తిక పండగంటే నీకేం తెలుసు, నువ్వు టీవీలో చూసేదానివి. ముందురోజు భరణి నుంచే రైళ్ళు రైళ్ళుగా జనం. పసుపు గుడ్డలు, పూల కావళ్ళు, గుండ్లు, చందనం, 'అరోగరా అరోగరా' అని ఒకటే కేక. వల్లి ఆ భరణి నాడు పగలంతా నడిచింది. బండి దిగినోళ్ళు దాని పేరు అడిగేది, వల్లి అంటే చెంపలేసుకునేది, చేతిలో ఉండే ప్రసాదం దానికి పెట్టేది. చక్కెర పొంగలి, పంచామృతం, పులిహోర, ఒకటేమిటి! పెట్టొద్దండయ్యా అని మీ తాతకి నోరు రాలా. ప్రసాదాన్ని వద్దంటామా? స్వామి పెండ్లాం పేరు పెట్టుకోని ఆయన ప్రసాదాన్నే కాదంటామా? అదేమో ఎంత పెట్టినా తినే ముండ.

తెల్లారి కృత్తిక. నేను గడ్డేసినా, ముట్టలా. ఉలవలు పెట్టినా, ముట్టలా. తల కిందికేసుకోని గమ్మున నిలబడి ఉండాది. నేను మీ తాతని పిలిస్తే, 'అలిసిపోయుంటాదిలే' అన్నాడు. అంతలో మా అత్త వచ్చింది. ఆమె ఏటేటా కృత్తికకి ఒక్కపొద్దు. చూసింది చూసింది, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టేసింది. 'ఒరే, వల్లి ఒక్కపొద్దు ఉండాదిరా! కృత్తిక నాడు గడ్డి ముట్టలేదంటే అర్థమేంది? నోరు లేని జీవానికి ఉండే భక్తి మీకు లేదు గదరా!' అని కండ్లనీళ్ళు పెట్టుకునింది.

అయిపాయె! ఆ మాట పక్కింటి శెట్టెమ్మ చెవిన పడింది. శెట్టెమ్మ చెవిన పడిందంటే వీధిలో దండోరా వేసినట్టే. రవంతసేపటికి మా దొడ్లోకి జనం, జాతర మాదిరి! పసుపు పూసినారు, కుంకం పెట్టినారు, మెడలో మాల వేసినారు, ముందర కర్పూరం వెలిగించినారు. 'తాయే, వళ్ళియమ్మా' అని అరవోళ్ళ ఆయమ్మ ఒకామె దాని గిట్టలు పట్టుకోని మొక్కుతా ఉండాది. ఇంత జరిగినా వల్లి చెవి గూడా కదిలించలా. అది చూసి అందరూ 'ధ్యానంలో ఉండాది' అంటా ఉండారు.

నేను మాత్రం దండం పెట్టలా, దాని దగ్గరికి పోయినా. నేను పొదటూరుపేట పక్కన సేద్యగాళ్ళ ఇంట్లో పుట్టినదాన్ని. మా నాయన చెప్పేవాడు, గొడ్డు గమ్మునుంటే దాని చెవులు చూడు, అది వదిలింది చూడు అని. నేను చూసినా. మీ తాత గొంతు వింటే ఎంత నిద్రలో ఉన్నా దాని చెవులు అటు తిరగతాయి, ఆ పొద్దు తిరగలా. చెవులు పట్టుకుంటే చల్లగా ఉండాయి. కాలు మడవలా, నాలుగు కాళ్ళూ బిగబట్టి నిలబడింది. ఉండుండి తల తిప్పి తన కడుపు పక్కకి చూసుకుంటా ఉండాది. పరిగెత్తకుండానే మెడంతా చెమట. దొడ్లో చూస్తే లద్దె ఒక్క ఉండ గూడా లేదు. ఇదంతా సోమరితనమా? బెల్లం ముక్క ముక్కు కాడ పెట్టినా. బెల్లమే! మొకం తిప్పుకునింది. ఇంక నేను ఆగలా.

'డాక్టర్ని పిలుస్తామయ్యా' అంటే మీ తాత, 'మళ్ళీ నవ్వుతారే' అంటాడు. అత్తేమో, 'ఒక్కపొద్దు ఉండే దానికి సూది వేయిస్తావా పాపిష్టిదానా' అంటాది. అందరి ముందర! నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. కోపంలోనే వచ్చింది చూడు ఆ మాట. 'అత్తా, మీరు ఒక్కపొద్దే గదా, పొద్దన్నుంచి ఏమేమి తాగినారు?' అన్నా. 'నీళ్ళు తాగినా, పాలు తాగినా, కాఫీ... కాఫీ లెక్కలోకి రాదులే' అన్నాది. 'ఇది నీళ్ళ తొట్టిలో మూతి గూడా పెట్టలా. అంటే మీకంటే పెద్ద భక్తురాలా ఇది?' అన్నా.

అప్పుడు చూడాల ఆమె మొకం! మా అత్త నగలు తక్కువైతే ఓర్చుకుంటాది, భక్తిలో ఎవురన్నా మించితే ఓర్చుకోదు. కర్పూరం తట్ట అట్టే పట్టుకోని తొట్టి కాడికి పోయింది, నీళ్ళు చూసింది, వల్లిని చూసింది. 'నీళ్ళు గూడా తాగలేదంటే ఇది ఒక్కపొద్దు కాదురా, రోగం! పొండి, పోయి డాక్టర్ని పిలవండి' అని జనాన్నంతా బయటికి తోలేసింది.

మీ తాత ఏడుపు మొకంతో దాని మెడ పట్టుకోని నిలబడిపోయినాడు. నేనే పరిగెత్తినా. డాక్టరు ఇంటికి పోతే ఆయన పెండ్లాం, 'కావడెత్తుకోని కొండకి పోయినారే' అనింది. ఆ జనంలో యాడని వెతికేది! అందరికీ గుండ్లే, అందరికీ పసుపు గుడ్డలే, అందరి నెత్తినా చందనమే. నేను చీర ఎగ్గట్టుకోని మెట్లెక్కతా, గొంతు చించుకోని అరస్తా ఉండా. 'గొడ్ల డాక్టరే!' అని తెలుగులో, 'మాట్టు డాక్టరే!' అని అరవంలో. వాళ్ళంతా అరోగరా అంటా ఉంటే నేనొక్కదాన్ని గొడ్ల డాక్టరే అంటా ఉండా! నవ్వుతావేందే? నా ప్రాణం పోతా ఉండె ఆ పొద్దు.

ఒక గుండు వెనక్కి తిరిగింది. ఆయనే! నేను రొప్పుతా అంతా చెప్పినా, నీళ్ళు తాగలా, లద్దె వేయలా, కడుపు చూసుకుంటా ఉండాది అని. కావడి మొక్కు, మధ్యలో దించకూడదు. ఆయన స్వామి కొండ వైపు చూస్తాడు, నా వైపు చూస్తాడు. 'సామీ, మురుగయ్య నెమలికి కడుపునొస్తే నీ కావడి కోసరం కాచుకోనుంటాడా?' అన్నా. యాడ నుంచి వచ్చిందో ఆ తెలివి! వెంటనే ఆయన పక్కనుండే బావమరిది భుజం మీదికి కావడి మార్చినాడు, నేలకి తాకించకుండా. ఇద్దరం మెట్లు దిగి పరుగో పరుగు.

దార్లో ఆస్పత్రిలో సంచి తీసుకోని, ఆ గుండుతోనే, ఆ చందనంతోనే వచ్చినాడు. మా అత్త ఎవురో సామి వచ్చినాడనుకోని మొక్కింది! ఆయన పసుపు పంచె ఎగ్గట్టి, వల్లి కడుపుకి చెవి ఆనించి విన్నాడు, చిగుళ్ళు చూసినాడు. ఆయన మొకం మారిపోయింది. 'ఏం పెట్టినారు' అన్నాడు. మీ తాత పొంగలి సంగతి చెప్పినాడు. 'లోపల పులిసి బిగుసుకుపోయింది' అని సూది వేసి, ముక్కులో నుంచి రబ్బరు గొట్టం కడుపులోకి దించి, గరాటు పెట్టి నూనె పోసినాడు. నేను గరాటు పట్టుకోనుండా. తర్వాత నడిపించమన్నాడు. మీ తాత నడిపించినాడు, వీధిలో ఈ కొసకీ ఆ కొసకీ. మా అత్త ఒక్కపొద్దుతోనే ఆ వెనకాలే నడిచింది. పొద్దన మొక్కినోళ్ళంతా అరుగుల మీద కూర్చోని చూస్తా ఉండారు. అది కూలబడితే ఇంక లేవదని అందరికీ తెలుసు.

పొద్దు వాలతా ఉండాది. శెట్టెమ్మ అంగడి ముందరికి వచ్చినాక వల్లి నిలబడిపోయింది. తోక ఎత్తింది... వేసిందమ్మా లద్దె! 'అరోగరా!' అని వీధి వీధంతా కేక వేసినారు! కొండ మీద కావళ్ళకి గూడా అంత కేక రాలా! వల్లి చెవులు మీ తాత వైపు తిప్పి, తొట్టి కాడికి తనే పోయి మూతి పెట్టింది. మీ తాత దాని మెడ మీద మొకం పెట్టి బిడ్డ మాదిరి ఏడ్చినాడు. మా అత్త, 'దాని ఒక్కపొద్దు తీరింది, ఇంక నాకు అన్నం పెట్టవే' అనింది. ఆ పొద్దు నాకు ఆమె మీద ఎంత ప్రేమొచ్చిందో చెప్పలేను.

మీ తాత డాక్టరుతో, 'మళ్ళీ నవ్వుతారని పిలవలేదయ్యా' అన్నాడు. ఆయన చందనం తుడుచుకుంటా, 'నేనొచ్చినాక అది అరటిపండు లాక్కుంటే నాకు సంతోషమే గదప్పా' అన్నాడు. బంగారం లాంటి మనిషి.

అవునే, ఇంత చెప్పినా... మన కుక్క నీళ్ళు తాగిందా పొద్దన్నుంచి?

ఏందీ? గిన్నె పెట్టింది పెట్టినట్టే ఉండాదా? మూతి పెట్టలేదా? అయ్యో నా తల్లీ, ఎండకి పడుకోనుండాది అన్నానే, అచ్చం మీ తాత మాదిరే మాట్లాడినానే! నేను చెప్పేది చెప్తానే ఉండా, నువ్వు వినేది వింటానే ఉండావు! లేయ్, బిన్నా లేయ్, ఆలస్యం చేయొద్దు! ఆటో పిలువు, దాన్ని తుండుగుడ్డలో చుట్టుకో. నవ్వితే నవ్వనీ, నువ్వు పో. ఆ తిరుత్తణి సామి నీకు తోడుంటాడు, నూరేండ్లు చల్లగుంటావు, పో తల్లీ... ఉండు ఉండు, నా చెప్పులు యాడ? నేనూ వస్తా.