కొత్త హెడ్‌ఫోన్లు కొనమంటావా అక్కా?

ఇంకేం, కార్ఖానా మొత్తానికి హెడ్‌ఫోన్ల పండితురాలిని నేనే అయిపోయాను! మొన్న ఇస్త్రీ దగ్గరుండే అమ్మాయి అడిగింది. నిన్న గుండీలు కుట్టే ఆవిడ అడిగింది. ఇవాళ సెలవు పూట నువ్వు బస్సెక్కి మరీ వచ్చావు. "కాలీపా అక్కా, నీ రకంలోనే కొత్తవి వచ్చాయట, కొనమంటావా?" అని. నన్నడిగితే నేనేం చెప్పనమ్మా జిబెక్?

కూర్చో ముందు. రొట్టె తుంచు. జామ్ నేను పెట్టిందే, పాకం కాస్త ముదిరింది. అయినా తినొచ్చులే.

చూశాను, చూడకేం! బజార్లో షాపాయన చేతికిచ్చి చూపించాడు. అదే సన్నటి రేకు, అదే స్పాంజి. తీగ లేదు, అంతే. మనిషి వాడే, టోపీ మార్చుకొచ్చాడు. రోజూ ఛార్జింగ్ పెట్టాలట. మర్చిపోయావా, మధ్యాహ్నానికల్లా మూగబోతాయి. ఇంతోటి దానికి ధర మాత్రం రెట్టింపు!

తల బరువెక్కదు, చెవులకి చెమట పట్టదు, అది నిజమే. మన పనికి అలాంటివే బాగుంటాయి. కానీ ఒక సంగతి విను. అవి చెవిని పూర్తిగా మూసెయ్యవు. పాతదైనా కొత్తదైనా స్పాంజి స్పాంజే కదా? పక్క మిషను మీద ఎవరేం గొణిగినా వినపడుతుంది.

అలా తెల్లబోయావేం?

అవునులే. ఎవరి మాటా వినపడకూడదనే కదా నువ్వు కొనుక్కుందామనుకున్నది. పొద్దున్న ఫోన్లో అన్నావుగా, "నీలాగా తగిలించుకు కూర్చుంటే ఈ ఆడవాళ్ళ గుసగుసలేవీ చెవిన పడవు కదా అక్కా, హాయి" అని. ఆ మాట విన్నప్పటినుంచీ నాకు ముద్ద దిగలేదు.

ఏం లేదు, ఏం లేదు. టీ తాగు. చల్లారిపోతుంది.

అబ్బ, ఎలా మొదలుపెట్టను! ఇలా చూడు. నా హెడ్‌ఫోన్లు ఉన్నాయే, అవి చచ్చి ఆరేళ్ళయింది.

నవ్వకు, నిజమే చెప్తున్నాను. మిషను చక్రంలో తీగ చుట్టుకుపోయింది. లోపల్లోపలే తెగింది, పైకేం తెలీదు. మర్నాడు అలవాటు కొద్దీ తగిలించుకుని, కొస జేబులో దోపుకున్నాను. అంతే. అలాగే ఆరేళ్ళు.

ఎందుకంటే ఏం చెప్పనే? నీ చుట్టూ ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవాళ్ళు, నీకు తెలీదు. నాతో ఎవరు మాట్లాడేవాళ్ళు? ఊరికే కూర్చుంటే, "పాపం, ఈవిడతో ఎవరూ మాట్లాడరు" అనుకుంటారు. హెడ్‌ఫోన్లు తగిలించుకుంటేనో, "ఈవిడే ఎవరితోనూ మాట్లాడదు" అనుకుంటారు. ఆ రెండింటికీ ఎంత తేడా ఉందో పడ్డవాళ్ళకే తెలుస్తుంది.

ఒక్కోసారి తల కూడా ఊపేదాన్ని. సిగ్గు లేకపోతే సరి! పాట లేదు, పల్లవి లేదు, తల ఊపుకుంటూ జేబులు కుట్టడం!

మొన్న ఆ షాపాయన కొత్తవి నా చెవులకి పెడితే నిజంగా పాట వచ్చింది. నాకు కళ్ళనీళ్ళాగలేదు. అంత నచ్చాయా అమ్మా అన్నాడు ఆయన, పాపం.

ఇంతకీ ఏం జరిగిందంటే, నా చెవులు మూసుకుపోయాయని అందరూ నా ముందే అన్నీ మాట్లాడేసుకునేవారు. ఎవరి మొగుడు తాగొచ్చాడు, ఎవరు దారపు ఉండలు సంచీలో వేసుకుపోయారు, అన్నీ. గోడలకి చెవులుంటాయంటారే, మీ మధ్యనున్న గోడని నేను. అయినా ఏ మాటా పైకి పొక్కనివ్వలేదు. అన్నీ కడుపులోనే దాచుకున్నాను.

ఒక్కటి తప్ప.

ఉండు, లేవకు. నిన్న నీ స్నేహితురాలు సల్తనత్ వచ్చింది. అదిగో, పేరెత్తగానే మొహం తిప్పేసుకుంటున్నావు! సోమవారం మాస్కో వెళ్ళిపోతోంది. అక్కడా కుట్టుపనేనట. మళ్ళీ ఎన్నేళ్ళకొస్తుందో! నువ్వు కూర్చున్న చోటే కూర్చుని, రొట్టె మీద చెయ్యి పెట్టి ఒట్టేసి ఏడ్చింది. "నేను చెప్పలేదక్కా. జిబెక్‌కి నువ్వైనా నచ్చజెప్పు. నా ఫోనెత్తదు, నా మొహం చూడదు. ఇలా వెళ్ళిపోతే నేను బతకలేను" అంది.

నేనేం చేశానో తెలుసా? వీపు నిమిరాను. "ఊరుకోమ్మా, నిజం నిలకడ మీద తెలుస్తుంది" అన్నాను. నేను! ఈ నోటితో!

నౌరూజ్ పండగ వెళ్ళిన వారం గుర్తుందా? మధ్యాహ్నం, అందరూ టీకి వెళ్ళారు. నువ్వు సల్తనత్ చెవిలో చెప్పావు. ఏడేళ్ళకి నెల తప్పావని, రెండో నెలని. మూడు నెలలు నిండేదాకా ఇంట్లో కూడా చెప్పనన్నావు. అది కత్తెర కింద పడేసి నీ చేతులు పట్టుకుంది. మీకు మూరెడు దూరంలో నేను కూర్చుని తల ఊపుతున్నాను.

నాకెంత సంతోషమేసిందో జిబెక్! అసూయ కాదే, నమ్ము. బస్సులో కూర్చుంటే కాళ్ళు నేల మీద నిలవలేదు. మంచి కబురు మొదట మోసుకొచ్చినవాళ్ళని గుమ్మంలోనే కావలించుకుంటారే, సుయుంచు అని అరిస్తే చేతిలో ఉన్నదేదో కానుకగా పెట్టి పంపిస్తారే, నాకు యాభై మూడేళ్ళొచ్చాయి, ఒక్కసారైనా ఆ భాగ్యం పట్టలేదు. మా ఇంటికి ఎవరూ మంచి కబురు తేలేదు. నేనూ ఎవరింటికీ తీసుకెళ్ళలేదు.

మీ అత్తగారిల్లు మా వీధి చివరే కదా. బస్సు దిగి నేను ఇటు తిరగాలి. తిరగలేదు.

గేటు దగ్గర్నుంచే "సుయుంచు! సుయుంచు!" అని అరిచాను.

పిండి చేతులతోనే పరిగెత్తుకొచ్చింది ఆవిడ. విని, నన్ను పట్టుకుని ఒకటే ముద్దులు. నా మొహమంతా పిండే. అప్పుడు భయమేసింది నాకు. "నా పేరు మాత్రం ఎత్తకు బూరుల్ వదినా, చెప్పిన నోటి పేరు బయటపెడితే కడుపులో బిడ్డకి దిష్టి తగులుతుంది" అన్నాను. అప్పటికప్పుడు అల్లేశాను. ఆవిడ నమ్మింది. ఇప్పటికీ నా పేరు చెప్పలేదు చూశావా?

తర్వాత సంగతి నీకు నేను చెప్పాలా? గొర్రెని కోశారు, చుట్టాలందరినీ పిలిచారు. మూడు వారాలు తిరక్కుండానే...

ఏడవకు తల్లీ. సరే, ఏడువు. ఏడవడానికి కూడా నేను అడ్డమా!

ఊరందరికీ తెలిసింది కాబట్టి పోయిన సంగతీ ఊరందరికీ తెలిసింది. మాకు చెప్పకుండా దాచి, మిషను తొక్కి పోగొట్టుకుందన్నారు మీ అత్తవారు. నీ మొగుడు నోరు మెదపలేదు. నువ్వు పెట్టె పట్టుకుని మీ అమ్మ దగ్గరికొచ్చేశావు. నువ్వు చెప్పింది ఒక్క సల్తనత్‌కే కాబట్టి చెప్పింది సల్తనతే అనుకున్నావు. ఎవరైనా అలాగే అనుకుంటారు.

అయినా రూఢి చేసుకోవడానికి నువ్వు అందరినీ అడుగుతూ నా దగ్గరికీ వచ్చావు. "కాలీపా అక్కా, మా అత్తగారికి ఎవరు చెప్పారో నీకేమైనా తెలుసా?" అని.

నేనొక చెవి మీద స్పాంజి పక్కకి తీశాను. తీసి, "ఏంటమ్మా? పాట పెద్దగా ఉంది, వినపళ్ళేదు" అన్నాను. నువ్వు "ఏం లేదులే అక్కా" అని వెళ్ళిపోయావు.

నేను చేసినవాటన్నిట్లోకీ పాపిష్టి పని అదే. మీ అత్తగారికి చెప్పడం సంతోషం పట్టలేక చెప్పాను. స్పాంజి తియ్యడం మాత్రం తెలివిగా, ఆలోచించి చేశాను.

సల్తనత్ కాదు జిబెక్. నేను.

ఆగు, ఇంకొకటుంది. అదీ చెప్పేస్తే గానీ నా ప్రాణం కుదుటపడదు. సుయుంచు కింద మీ అత్తగారు నాకేమిచ్చిందో తెలుసా? నీలం మఖ్మల్ గుడ్డ. వేసవిలో నీ దగ్గరికి తెచ్చి గౌను కుట్టమన్నాను చూడు, కాలరు నీలాగా ఎవరూ తిప్పలేరని, అదే. నువ్వు కుట్టిచ్చి, చేతిలో డబ్బు పెట్టబోతే తోసేశావు. "వద్దక్కా, ఇంతమందిలో నువ్వొక్కదానివే నన్నేమీ అడిగి బాధపెట్టలేదు" అన్నావు.

ఆ గౌను వేసుకుని రెండు పెళ్ళిళ్ళకి వెళ్ళొచ్చాను నేను.

లేచావా. వెళ్ళు, వెళ్ళు, సల్తనత్ ఇంకా ఊళ్ళోనే ఉంది. నా పేరు చెప్పు దానికి. అందరికీ చెప్పు. తిట్టనైనా తిట్టవా? ఒక్క మాట అనిపోవే!

సరే. సిగ్గుతో చచ్చిపోయాం అంటుంటారు జనం. ఒట్టి మాట. ఎవరూ చావరు. నువ్వు గుమ్మం దాటగానే నేను ఈ గిన్నెలు కడుక్కుంటాను, సోమవారం మళ్ళీ మిషను మీద కూర్చుంటాను. ఆ హెడ్‌ఫోన్లు కూడా తగిలించుకునే కూర్చుంటానేమో, ఏం చెప్పను!