కోడలి చేతి పూత

కంటి ఆసుపత్రిలో చూపు కోసం అత్తగారి కంట్లో అమర్చిన చిప్‌ను కోడలు కంప్యూటర్‌లో పరీక్షిస్తోంది. ఆ చిప్‌కు తడి తగలకుండా పూత వేసింది ఆ కోడలే.

“అత్తయ్యా, పూత దాటి లోపలికి తడి దిగింది. చిప్ పనిచెయ్యడం లేదు. ఎప్పట్నించి కనబడట్లేదు?”

“చాన్నాళ్లయిందమ్మా.”

“మరి మొన్న కిటికీ వెలుగు తెలుస్తోందన్నారు?”

“మొహానికి ఎండ తగిలిందిగా.”

“నాతో చెప్పొచ్చుగా!”

“ఎదురైనవాళ్లందరికీ మా కోడలి చేతిపని అని గొప్పలు పోయాను. అది చెడిందంటే నీ పరువేం కాను?”

“అయ్యో, అత్తయ్యా...”

“ఊరుకో. పోయింది నా ఒక్క కన్నేగా! దానికి ఏడుస్తారా?”

“మీరు కనబడుతోందన్నారని నేను ఇవాళ్టిదాకా మళ్లీ పరీక్షే పెట్టలేదు. అదే పూత ఇంకో నలుగురి కళ్లలోకి వెళ్లిపోయింది.”