క్షతగాత్రులంటే గొంతు పోయినోళ్లనుకున్న

"అవ్వా, గంత లావు యుద్ధం నవల నువ్వెట్ల చదివినవ్? ఫోన్ల రికార్డు పెట్టిన, చెప్పు."

పెట్టినవా? సరే. గప్పుడు మీ తాత ఉండె... లే, లే, పోయి ఏడాదైంది. మగ్గం మీద నేనొక్కదాన్నే కూసుంటుంటి. నా చదువంటవా, ఐదో తరగతి. గద్వాలల చీరెలు నేసే ఇంట్ల ఆడపిల్లకు గదే ఎక్కువ గా దినాలల్ల.

మా తమ్ముడు నర్సింలు మిలట్రీల చేసొచ్చిండు. ఇప్పుడు నీతోని గంటలు గంటలు ముచ్చట వెడ్తడు గద, గప్పుడు గట్ల గాదు బిడ్డ. లడాయిల ఏం చూసినవ్ తమ్మీ అని అడిగితే లేచి బయటికి పోయెటోడు. తింటుండె, పని చేస్తుండె, నవ్వకపోతుండె. పదేండ్లు గట్లనే. నాకు ఒకటే పరేషాన్. ఈడు చెప్పంది బుక్కులల్లనన్న ఉండదా అని లైబ్రరీకి పోయిన.

గీ యుద్ధం నవల చేతుల వట్టుకుంటె లైబ్రరీ సారు, "అమ్మా, దీన్ని ఎవరో పండితుడు తెలుగు చేసిండు. అన్నీ కఠినమైన మాటలు. పెద్ద చదువులోళ్లే సగంల తెచ్చిస్తరు. వంటల బుక్కు తీస్కపో" అన్నడు. మంచోడే పాపం, కాని నాకు సుర్రుమన్నది. గదే ఇయ్యి సారూ అన్న.

మొదటి పేజీలనే తొమ్మిది మాటలు తెల్వలె. మనం నేతల ఒక్క పోగు తప్పితే ఇప్పి మల్ల నేస్తం గద, గట్లనే చేసిన. తెల్వని మాటను సుద్దతోని గోడకు రాసుడు, తెలిసినంక తుడుసుడు.

ఒకదినం, "కందకమంటే ఏంది తమ్మీ" అని అడిగిన. ఆకిట్లకు పోయి కట్టెతోని మన్నుల పొడుగు గీత గీసి, "ఖందక్. కూసుంటే తల బయటికి కనవడొద్దు, గంత లోతు తవ్వాలె. నేను తవ్విన అక్కా" అన్నడు. గా సంది రోజుకో మాట అడిగిన, రోజుకింత చెప్పిండు.

ఒక్క మాట ఆనికి గూడ తెల్వలె. క్షతగాత్రులు. భజనల మంచి గాత్రం అంటరు గద, నేను గొంతు పోయినోళ్లనుకున్న. నలభై పేజీలు గట్లనే చదివిన. అయ్యో, పిలుస్తందుకు గొంతన్న లేకపాయె అని ఏడ్సిన గూడ. లైబ్రరీల నిఘంటువు చూస్తే, గాత్రమంటే ఒళ్లు గూడనంట. ఒళ్లు గాయమైనోళ్లని అర్థం.

నర్సింలుకు చెప్తే నవ్విండు. పదేండ్లకు నవ్విండు. మల్ల మెల్లగ, "నువ్వనుకున్నది గూడ తప్పు గాదక్కా. నా పక్కకు పడ్డోడు నోరు తెరిసిండు, సప్పుడు రాలె" అన్నడు. ఆ దినం పొద్దు గూకెదాక చెప్పిండు. నేను మగ్గం ఎక్కనే లేదు.

బుక్కు అయిపోయెతలికి ఏడు నెలలు. గా ఏడాదే లైబ్రరీల పోటీ పెట్టిండ్రు. అదే నవల తెరిచి ఒక పేజీ గట్టిగ చదవాలె, వాళ్లు ఆపిన మాటకు అర్థం చెప్పాలె. ఆఖరికి నేను, ఒక పంతులు మిగిలినం. ఆయనకు 'స్కంధావారం' వచ్చింది. ఏ వారమో అని ఆగిపోయిండు. నన్ను అడిగిండ్రు. "దండు గుడారాలేసుకొని దిగిన జాగ సారూ" అన్న. హాలంత సప్పట్లు. పంతులే ముందుగాల కొట్టిండు, పెద్దమనిషి.

శాలువ కప్పెటప్పుడు ఎనుక వరుసల నర్సింలు లేచి నిలవడ్డడు. మనిషి గుంపులకే రాకపోతుండె, తెల్సుగద. "మా అక్క" అన్నడు, అందరు వినంగ. గంతే. గా శాలువ ఏమైందో గూడ యాదికి లేదు గాని...

నీకు గూడ పరీక్షలు దగ్గరికొచ్చె గద. తెల్వని మాట దాటేసి పోకు బిడ్డ, అడుగు. అడిగితే సిన్నగ గాము. సల్లంగుండు. నీ నోటి మాటకు నలుగురు ఆగి వినాలె, నువ్వు గూడ నలుగురి మాట...

ఇగ సాలు, బువ్వ తిందం పా.