వదిలేసిన నాలుగో ఆర్టికల్

సభకు అధ్యక్షత వహిస్తున్న ప్రిన్సిపల్ నరసింహారావు గారికి, మిర్యాలగూడలో రైసు మిల్లు వదిలిపెట్టి వచ్చిన ముఖ్య అతిథి, నా పాత విద్యార్థి సాత్విక్‌కు, కోదాడ నుంచి, పెన్‌పహాడ్ నుంచి వచ్చిన పెద్దలకు, తోటి అధ్యాపకులకు, భోజనం తర్వాత కూడా మెలకువగా ఉన్న విద్యార్థులకు నమస్కారం.

ఉద్యోగంలో ఈ చివరి రోజు ఎలా గడిచిందో ముందు చెప్తాను. పొద్దున తొమ్మిదింబావుకు వచ్చాను. రిజిస్టర్‌లో సంతకం పెట్టాను. రెండో పీరియడ్‌లో రాజనీతిశాస్త్రం చివరి పాఠం చెప్పాను. పదకొండు మంది వచ్చారు. అందులో ఇద్దరు కామర్స్ వాళ్లు, ఫ్యాను కోసం వచ్చారు. పన్నెండున్నరకు స్టాఫ్ రూంలో అన్నం తిన్నాం. ఒంటి గంటకు సత్తమ్మ నన్నొక ప్రశ్న అడిగింది. ఆ జవాబు ఇంకా బాకీ ఉన్నాను. ఇప్పుడు నాలుగున్నర. ఈ శాలువా, ఈ దండ, నేను మహానుభావుణ్నని ఇప్పటిదాకా మీరు చెప్పిన అబద్ధాలు, అన్నీ ఆ తర్వాతి సంగతులు. (నవ్వులు)

సత్తమ్మ మన అటెండర్ సైదులు భార్య. మూడో వరుసలో కొంగు మూతికి అడ్డం పెట్టుకుని నన్నే చూస్తున్న ఆవిడ. ఆమెకు క్యాన్సర్. ఇది నేను బయటపెడుతున్న రహస్యం కాదు, ఆమే స్టాఫ్ రూం గుమ్మంలో నిలబడి బ్లాకంతా వినేటట్టు చెప్పింది. మైకులో చెప్పనా అని అడిగితే, "చెప్పుకో సారూ, నేనేం దొంగతనం చేసిన్నా" అంది. అదృష్టం కొద్దీ మొదట్లోనే పట్టుకున్నారు. హైదరాబాద్ దవాఖానలో ఇరవై ఐదు సిట్టింగులు రేడియేషన్ ఇవ్వాలన్నారు. మనవైపు దాన్నే కరెంటు పెట్టడం అంటారు. రేపు మొదటి రోజు. ఆమె పోనంటోంది. దానికి కారణం నేను.

ఎట్లాగో చెప్పాలంటే నేను ముప్పై ఒక్క ఏళ్లుగా నమిలిన పాఠం దగ్గరికి పోవాలి. అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం. పేరు పలికేసరికే సగం పీరియడ్ అయిపోయేది కాబట్టి ఎన్‌పీటీ అనేవాణ్ని. తెలియనివాళ్లకు రెండు ముక్కలు. ఊళ్లో తాగుడు బంద్ చేయాలని ఐదుగురు పెద్దమనుషులు తీర్మానం చేశారనుకోండి. ఇప్పటికే ఇంట్లో సీసా ఉన్నవాళ్లు ఉంచుకోవచ్చు, లేనివాళ్లు కొనొద్దు అన్నారు. ఉన్నవాళ్లెవరయ్యా అంటే ఆ ఐదుగురే. మేమూ మెల్లగా మానేస్తాం అని ఆరో ఆర్టికల్‌లో రాసుకున్నారు. 1970 నుంచి మెల్లగా మానేస్తూనే ఉన్నారు. (నవ్వులు) మన దేశం సంతకం పెట్టలేదు. ముందు మీ సీసాలు పారబోయండి అంది. వాళ్లు పారబోయలేదు. కొన్నాళ్లకు మనమూ ఒకటి తెచ్చుకున్నాం.

అయినా ఆ ఒప్పందాన్ని ఎక్కిరించి ఊరుకోను. అరవైల్లో, ఇంకొన్నేళ్లకు పాతిక దేశాల దగ్గర బాంబులుంటాయని భయపడ్డారు. ఇప్పటికీ తొమ్మిది దగ్గరే ఆగింది. ఊరంతా తాగడం కన్నా నయం.

ఇక తనిఖీలు. ఎవరూ దొంగచాటుగా బాంబు చేయకుండా వియన్నాలో ఉండే అంతర్జాతీయ సంస్థ వాళ్లు దేశదేశాలు తిరిగి చూసి వస్తారు. ఆ తనిఖీలు ఎందుకు విఫలమవుతాయని ఒకసారి పరీక్షలో అడిగాను. ఈ ముఖ్య అతిథి గారు, అప్పటికి పద్దెనిమిదేళ్లు, మిల్లు ఇంటి పిల్లవాడు, ఏం రాశారో ఇప్పటికీ గుర్తుంది. "తనిఖీకి వస్తున్నరని ముందు రోజే ఫోన్ వస్తది. అప్పుడు యురేనియం బస్తాలు పక్క మిల్లులకు మార్చాలె." (పెద్దగా నవ్వులు) సాత్విక్, తల దించుకోకు. పదికి పది వేశాను. ఆ తర్వాత కొన్నాళ్లకు వియన్నా వాళ్లు పెద్దగా చెప్పాపెట్టకుండా వచ్చే పద్ధతి కూడా పెట్టారు. నీ పేపరు వాళ్లకు ఎవరు పంపారో నాకు తెలియదు.

మా సైదులు కూడా ఆ పాఠం విన్నాడు. ఇరవై ఆరేళ్లు వెనక బెంచీ మీద కూర్చుని విన్నాడు. హాజరు తీసుకుంటే యూనివర్సిటీ ఫస్ట్. పరికరాలకు సీలు వేసి పోతారని నేను చెప్తుంటే, పెన్‌పహాడ్‌లో గొర్లు కాసిన వంశం కదా, వెనక నుంచి అన్నాడు: "రంగు పూసినంత మాత్రాన గొర్రె మనదైతదా సార్? రంగెవడైన పూస్తడు. మొకం పోల్చాలె." సీలు ఒక్కటే చాలదన్న సంగతి ఇంత తక్కువ మాటల్లో చెప్పిన నిపుణుణ్ని నేను చూడలేదు.

ఏటా ఆగస్టు ఆరున హిరోషిమా బొమ్మలు వేసేవాణ్ని. పరదాలు మూసేది సైదులే, ప్రొజెక్టర్ నడిపేది సైదులే. ఇరవై ఆరు సార్లు చూశాడు. చూసినప్పుడల్లా ఇంటికి పోయి సత్తమ్మకు చెప్పాడు. నా విద్యార్థుల్లో పాఠం ఇంటిదాకా మోసినవాడు అతనొక్కడే. అదే కొంప ముంచింది.

మధ్యాహ్నం స్టాఫ్ రూంలో జరిగింది ఇది.

"సారూ, మీరే చెప్తిరి గదా. ఆ కరెంటు తాకితే తోలు ఊడుతది, జుట్టు రాలుతది, పుట్టే పిల్లలకు గూడ తగులుతదని. మా ఆయన ఏటా వచ్చి చెప్తడు. ఇగ నేను బస్సెక్కి పోయి మరీ తాకిచ్చుకోవాల్నా?"

సైదులు మెల్లగా, "సార్ చెప్పింది బాంబు గురించే" అన్నాడు.

"నువ్వు జర ఊకో. పరదలు మూసేటోనివి, నీకేం ఎర్క."

"సత్తమ్మా, అది వేరు, ఇది వేరు" అన్నాను.

"ఏం వేరు?"

"మోతాదు వేరు. పెట్టే చోటు వేరు. పెట్టే మనిషి వేరు."

అప్పుడు అడిగింది. "అమ్మ గూడ పెట్టిచ్చుకున్నది గదా సారూ. ఉన్నదా?"



అమ్మ అంటే నా భార్య జానకి. పోయి ఎనిమిది నెలలైంది.

ఇప్పుడే ప్రిన్సిపల్ గారు వేదిక మీదే నాకు చీటీ పంపారు. "టాపిక్ మార్చండి" అని ఉంది. సార్, టాపిక్ ఇదే.

ఎన్‌పీటీలో నాలుగో ఆర్టికల్ ఒకటుంది. అణుశక్తిని శాంతి పనులకు వాడుకునే హక్కు అందరికీ ఉంది, ఉన్నవాళ్లు లేనివాళ్లకు సాయం చేయాలి అని. బాంబుల కోసం వెతికే ఆ వియన్నా సంస్థే, పేద దేశాల్లో క్యాన్సర్ యంత్రాలు పెట్టడానికీ సాయం చేస్తుంది. ముప్పై ఒక్క ఏళ్లలో నేను ఆ నాలుగో ఆర్టికల్ ఒక్కసారి కూడా చెప్పలేదు. "పరీక్షలో రాదు, వదిలేయండి" అన్నాను. అసలు కారణం అది కాదు. బాంబు అంటే క్లాసు వింటుంది. దవాఖాన అంటే నిద్రపోతుంది. నేను చప్పట్ల కోసం సగం పాఠం చెప్పాను. ఆ సగం సైదులు ఇంటికి మోశాడు.

సత్తమ్మా, ఒంటి గంటకు అడిగిన దానికి ఇప్పుడు జవాబు చెప్తున్నాను. అమ్మ లేదు. కరెంటు పెట్టినా లేదు. ఆమె క్యాన్సర్ ఎముకల దాకా పోయింది. నొప్పి సంగతి ఆమె ఆలస్యంగా చెప్పింది. నేను ఇంకా ఆలస్యంగా విన్నాను. అప్పటికి ఆమె మూడు నెలలుగా పడుకోలేక కుర్చీలో కూర్చునే నిద్రపోతోంది. రోగం నయం చేస్తామని డాక్టర్లు అనలేదు, నొప్పి తగ్గిస్తాం అన్నారు. పది సిట్టింగులు. నెల తిరక్కముందే మంచం మీద పక్కకు తిరిగి పడుకుంది. ఆ తర్వాత పదహారు నెలలు బతికింది. దామరచర్లలో చెల్లెలి ఇంటికి బస్సులో ఒక్కతే పోయి, దారిలో కండక్టర్‌తో కొట్లాడి వచ్చింది. కూరలో ఉప్పు చాలలేదన్నందుకు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ రెండు రోజులు కూడా నాకు కావాలి.

నీది అట్లా కాదు. నీది మొదట్లోనే దొరికింది. నయమయ్యేది. ఆమెకు దొరకనిది నీకు దొరికింది. దాన్ని నా పాఠం విని పారేయకు.

(మూడో వరుస నుంచి సత్తమ్మ: "జుట్టు?")

తలకు పెట్టరు. తల జుట్టు ఎక్కడికీ పోదు. నీరసం ఉంటది, కడుపు పాడైతది, అబద్ధం చెప్పను. మిగతాది డాక్టర్‌ను నీ ముందే అడుగుతా. నన్ను నమ్మొద్దు. నన్ను నమ్మే కదా ఇంత దూరం వచ్చింది. (నవ్వులు)

(సత్తమ్మ: "సూస్త సారూ.")

సూస్త అన్నది. వియన్నాలో ఇట్లాంటి మాట రావడానికి నెల రోజులు కూర్చుంటారు.

రాజనీతిశాస్త్రంలో నా తర్వాత వచ్చేవారికి ఒక్క మనవి. ఆగస్టు ఆరున బొమ్మలు వేయండి, మానొద్దు. పరదాలు తీశాక నాలుగో ఆర్టికల్ చెప్పండి. పిల్లలు నిద్రపోయినా చెప్పండి.

నన్ను ముప్పై ఒక్క ఏళ్లు భరించిన ఈ కళాశాలకు, జానకి దవాఖానలో ఉన్నప్పుడు అడగకుండానే నా క్లాసులు తీసుకున్న మిత్రులకు, చీటీ పంపి కూడా మైకు ఆపని నరసింహారావు గారికి కృతజ్ఞతలు. సెలవు తీసుకుంటున్నాను.

సత్తమ్మను రమ్మన్నది జానకిని చూపించిన దవాఖానకే, దాని గేటు ఎనిమిది నెలలుగా నేను దాటలేదు. రేపు పొద్దున ఐదింటికి సూర్యాపేట బస్టాండులో ఉంటాను. సత్తమ్మా, నువ్వొస్తే సైదులుతో కలిసి ముగ్గురం పోదాం. రాకపోతే నేనొక్కణ్నే పోయి, కరెంటు పెట్టే గది ముందు జానకితో కూర్చున్న ఆ బెంచీ మీద కూర్చుంటాను. నీ పేరు పిలిచినప్పుడు లేచి నిలబడి, "వస్తుంది, కాస్త ఆగండి" అని చెప్తాను.