సదాశివంగారు రష్యాలో చేసిన మార్పు

లండన్ హారోలో సదాశివం డాక్టరుగారింట ఆదివారం టీ అంటే టీ తక్కువ, మాటలు ఎక్కువ. ఈసారి మాత్రం ఆయన మాటకి పనుంది. శనివారం తెలుగు సంఘం సభలో ‘నేటి రష్యా’ గురించి ఎవరు మాట్లాడాలో తేల్చడానికి సంఘం కార్యదర్శి ప్రవల్లిక వచ్చింది. మైకు ఎలాగైనా తన చేతికే రావాలని డాక్టరుగారి పట్టుదల.

“పోయినేడాది చలికాలం మాస్కోలో దిగానా అమ్మాయ్, ఒక్క మొహంలో నవ్వు లేదు. కొత్తవాళ్ళని చూసి నవ్వితే పిచ్చివాడనుకుంటారట అక్కడ. నేనేం చేశాను, ఒక ముసలావిణ్ణి చూసి చిన్నగా నవ్వాను. ఆవిడ నవ్వింది, ఆవిణ్ణి చూసి పక్కావిడ నవ్వింది, సాయంత్రానికి మెట్రో మెట్రో అంతా ఇకిలింపులే! మొన్న వేసవిలో ప్రపంచకప్ ఫుట్‌బాల్ చూడ్డానికెళ్ళినవాళ్ళు రష్యన్లు భలే నవ్వుతున్నారే అన్నారు కదా, అదెవరి చలవ?”

“తమదే,” అన్నాడు పక్కింటి శేషగిరి, బజ్జీల పళ్ళెం దగ్గరికి లాక్కుంటూ.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? క్యూలు! వెనకటికి రొట్టెకి క్యూ, బూట్లకి క్యూ, దేనికో తెలియకుండానే నిలబడ్డ క్యూ. ఆఫీసుల్లో ఆ అలవాటింకా పోలేదు. మా క్లినిక్‌లోలాగా ఫోన్లో అపాయింట్‌మెంట్ తీసుకోండర్రా అన్నాను.”

“మన క్లినిక్‌లో ఫోనెత్తరు కదండీ?”

“అది చెప్పలేదయ్యా. చెబితే దేశం ముందుకెళ్తుందా? తెల్లారేసరికి క్యూలన్నీ మాయం! బామ్మలు బెంచీల మీద కూర్చుని ఫోన్లో బిల్లులు కట్టేస్తున్నారు. ఇంతలో ఓ వీధిలో గొడవ. మా మాట వినండని కుర్రాళ్ళు ఇటు, లాఠీలతో పోలీసులు అటు, నడుమ నేను. ‘ఆగండర్రా’ అని రెండు వైపులా పులిహోర వడ్డించాను. లాఠీ పట్టిన చేత్తోనే మారు వడ్డించమన్నారు!”

“అంతమందికి పులిహోర ఎక్కడిదంకుల్?” అంది ప్రవల్లిక.

“మీ ఆంటీ దారికి కట్టిన డబ్బాలోదే. తీసేకొద్దీ వచ్చింది. అసలు సంగతి విను. మర్నాడు మైదానం నిండా జనం. మంత్రులకి నిలబడే చోటు లేదు. నేను మైకు తీసుకుని ‘మారదామా?’ అని తెలుగులోనే అడిగాను. దేశం దేశమంతా ‘దా, దా’ అని ఒకటే కేకలు! అంత ప్రేమగా రమ్మంటే ఎలా ఆగుతాం, దిగి వాళ్ళలోకి వెళ్ళిపోయాను.”

ప్రవల్లిక మెల్లిగా అంది: “అంకుల్, రష్యన్లో ‘దా’ అంటే అవునని. రమ్మని కాదు.”

వంటింటి గుమ్మంలో డాక్టరుగారి భార్య గిరిజగారు గరిటెతో సహా ఆగిపోయారు.

“ఓసి నీ అమ్మకడుపు చల్లగా! అందుకా ఆ పిల్ల మా మీద అరిచింది? ఎయిర్‌పోర్టు కౌంటర్లో ఫోన్ పట్టుకుని ‘దా, దా’ అంటుంటే, ‘మనల్నే పిలుస్తోంది గిరిజా’ అంటూ ఈయన అందర్నీ తోసుకుని నన్ను లాక్కెళ్ళారు. నాలుగు చీవాట్లు పెట్టి క్యూలో చిట్టచివరికి పంపింది!”

“మరి ఊళ్ళోకెళ్ళలేదా ఆంటీ?”

“ఊరెక్కడిది తల్లీ, అద్దంలోంచి మంచు చూశాం. రష్యాలో ఈయన చేసిన మార్పు ఒక్కటే. ఇండియా వెళ్తూ అక్కడ విమానం మారారు.”

శేషగిరికి బజ్జీ కొరబోయింది. డాక్టరుగారు కప్పులో లేని టీ ఊదుకుంటున్నారు.

“ఆంటీ, శనివారం ఖాళీయేనా?” అంది ప్రవల్లిక. “సభలో మీరే మాట్లాడాలి.”