తొమ్మిది నిమిషాల కోటు

దారాల మామయ్య టీ గ్లాసు కింద పెట్టాడంటే కోతలు మొదలైనట్టే. ఈసారి ఎదురుగా సినిమా లైబ్రరీ అమ్మాయి నోటుపుస్తకంతో కూర్చుంది. ఇప్పుడు అంత పేరున్న బొమ్మలాట మాస్టారు కుర్రతనంలో తీసి, ఎవరూ చూడక మూలపడ్డ చిన్న సినిమా ఈమధ్యే దొరికింది. అందులో బొమ్మల్లేవు, మనుషుల్లేరు. ఖాళీ కోటు ఒకటి తొమ్మిది నిమిషాలు గదిలో తిరుగుతుంది, అంతే. దానికి పనిచేసినవాళ్ల పేర్లు రాసుకోవడానికి వచ్చిందా అమ్మాయి. ఆ కోటు కుట్టిన దర్జీ పెద్దమ్మ పక్క బల్ల మీదే ఉంది.

"కోటుని నడిపించింది నేనేనమ్మా," అన్నాడు మామయ్య. "దూలం మీద బోర్లా పడుకుని, పన్నెండు దారాలతో."

అమ్మాయి రాసుకుంది.

"గది దాటించా, మెట్లు దింపా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వీధిలోకెళ్లి బస్సెక్కింది. నేను మాత్రం దూలం మీదే."

"దారం అంత పొడుగా మామయ్యా?" అన్నాడు టీకొట్టాయన.

"దారందేముందిరా, చెయ్యి తిరిగుండాలి గానీ. కండక్టరు టికెట్టు కొట్టిచ్చాడు. ముసలాయన ఎక్కితే లేచి సీటిచ్చింది."

"మర్యాద కూడా నువ్వే నేర్పావా?"

"మరి? సినిమా ఆడినరోజు హాల్లో జనం కోట్లన్నీ ఒంటిమీంచి లేచి చప్పట్లు కొట్టాయి."

అమ్మాయి రాసిన లైను కొట్టేసి, పెన్నుకు మూత పెట్టింది.

పెద్దమ్మ అది చూసింది. ఈమధ్య ఇంటి తాళం ఎక్కడ పెట్టిందో ఆమెకు గుర్తుండటం లేదు. సినిమా తీసిన ఆ గది మాత్రం ఇంకా కళ్లముందే ఉంది. రేపు ఉంటుందో లేదో. మాస్టారు కూడా పోయారు.

"దారాలు ఆరే తమ్ముడూ," అంది. "మెరవకుండా దీపం మసి నీళ్లతో కలిపి పూయమంటే, పొడిగా రుద్దావు. అది ముక్కులోకెళ్లి తుమ్మావు. దారాలు జారిపోయి, నడుస్తున్న కోటు కుర్చీలో కూలబడింది."

మామయ్య ఖాళీ గ్లాసునే మళ్లీ ఎత్తి తాగబోయాడు.

"మాస్టారు కెమెరా ఆపలేదమ్మా," అని పెద్దమ్మ అమ్మాయి వైపు తిరిగింది. "పనిచేసి ఇల్లు చేరిన మనిషిలా ఉందని, అదే ఉంచేశారు."

"నాకు ఏడుపొచ్చింది అక్కడే," అంది అమ్మాయి. పెన్ను మూత తీసింది. "మీ పూర్తి పేరు చెప్పండి బాబాయ్‌గారూ."

మామయ్య ఇంటిపేరుతో సహా మెల్లగా చెప్పాడు, ఏ హంగూ చేర్చకుండా. చివరి అక్షరం దాకా ఆమె చేతినే చూశాడు.

"రాసేశావా? అయితే విను. ఆ తుమ్ముందే, అది మామూలు తుమ్ము కాదు..."

పెద్దమ్మ వంగి నోటుపుస్తకం మూసేసింది.